నిప్పు ఎవరి చేతిలో ఉందో చూపించు

తెనాలి

చిరంజీవి సుజాతకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. వచ్చే సోమవారం తొమ్మిదో తరగతికి నాజీ జర్మనీ పాఠం మొదలుపెడుతున్నానని, యూదుల మీద ద్వేషం గురించి హిట్లర్ కంటే ముందు సంగతులు ఎక్కడ ఎత్తుకోవాలో తోచక టెన్షన్‌గా ఉందని రాశావు. ఆ టెన్షన్ ఉండటం మంచిదేనమ్మా. నేను మొదటి పదేళ్లు ఏ టెన్షన్ లేకుండానే ఆ పాఠం చెప్పాను, తప్పుగా చెప్పాను.

ముందు ఆ తప్పేమిటో చెబుతాను. ఒకసారి క్లాసులో ఒక కుర్రాడు లేచి, "ఊరికే అంతమంది యూదులను ఎవరైనా చంపుతారా మాస్టారూ? నిప్పు లేనిదే పొగ రాదు కదా" అన్నాడు. పీరియడ్ అయిపోవస్తోంది. "వాళ్లు వడ్డీ వ్యాపారాలు చేసి బాగా సంపాదించార్రా, అందుకని జనానికి కడుపుమంట" అనేసి బయటికొచ్చాను. నెల తర్వాత యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే, "యూదులు అధిక వడ్డీలు వసూలు చేయుట వలన హిట్లర్ వారిని శిక్షించెను" అని ఒక జవాబు. తర్వాతి పేపర్లోనూ అదే. దాదాపు క్లాసంతా అదే రాసింది. అది వాళ్ల తప్పు కాదు, నా నోటిమాటే వాళ్లు రాశారు. ఎర్ర పెన్ను పట్టుకుని, మార్కు వెయ్యాలో కొట్టెయ్యాలో తెలియక చాలాసేపు అలాగే కూర్చున్నాను. నాజీలు చంపిన అరవై లక్షలమంది యూదుల చావుకు వాళ్లనే బాధ్యులను చేసే వాక్యం నా క్లాసులో తయారైంది. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

నీ క్లాసులో కూడా ఆ ప్రశ్న వస్తుంది. వస్తే కసురుకోకు. రాకపోతే నువ్వే అడుగు. "యూదులు ఏం చేశారు?" అన్న ప్రశ్నకు జవాబు వెతకడం మొదలుపెట్టావంటే పాఠం చేజారిపోతుంది. "ఆ మాట ఎవరన్నారు, ఏ ఏడాది అన్నారు, అప్పుడు వాళ్లకు ఏం కావలసి ఉంది?" అని అడిగించు. నిప్పు ఉంది, నిజమే. అది ఎవరి చేతిలో ఉందో పిల్లలు తమంతట తాము కనిపెట్టాలి.

మొదలు ఇంగ్లాండులోని యార్క్ ఊరితో పెట్టు. 1190 మార్చి. మూకలు ఇళ్ల మీద పడితే, యూదు కుటుంబాలు ఊళ్లోని రాజు కోటలో తలదాచుకున్నాయి. అది గుట్ట మీద చెక్కతో కట్టిన బురుజు. దాన్ని ముట్టడించారు. ఇక గత్యంతరం లేదని చాలామంది లోపలే ప్రాణాలు తీసుకున్నారు. మతం మార్చుకుంటే వదిలేస్తామన్న మాట నమ్మి కిందికి దిగినవాళ్లను దిగినచోటే నరికేశారు. దాదాపు 150 మంది. ఇక్కడిదాకా చెప్పి ఆగు. ఆ తర్వాత ఆ మూక ఎక్కడికి వెళ్లిందో పిల్లల్నే ఊహించమను. ఇళ్లకు పోలేదు. తిన్నగా పెద్ద చర్చికి వెళ్లింది. యూదుల దగ్గర తీసుకున్న అప్పుల పత్రాలు అక్కడే భద్రపరిచి ఉన్నాయి. వాటిని లాక్కుని చర్చి లోపలే కుప్పపోసి తగలబెట్టారు. ముందు నిలబడి నడిపించినవాళ్లలో రిచర్డ్ మాలెబిస్ అనే కామందు ఉన్నాడు. అతను యూదులకు బాకీ ఉన్నాడు.

ఈ చోట ఒక పని చెయ్యి. తెల్ల కాగితం మీద ఉత్తుత్తి ప్రోనోటు ఒకటి రాసి తీసుకెళ్లు: తేదీ, అసలు, వడ్డీ, సంతకం. ప్రోనోటు అంటే మన పిల్లలకు విడమరిచి చెప్పక్కర్లేదు. సగంమంది ఇళ్లలో బీరువా అరలో అది ఉంటుంది. దాన్ని చేతిలో పట్టుకుని, "ఇది కాలిపోతే ఎవరికి లాభం?" అని అడిగి ఊరుకో. నువ్వేమీ చెప్పకు. నేను ఇలా చేసిన మొదటి ఏడాది, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి "అప్పున్నోళ్లకి" అంది, అంత చిన్న గొంతుతో. ఆ తర్వాత క్లాసులో "నిప్పు లేనిదే" అన్న మాట ఎత్తినవాళ్లు లేరు.

అయితే అక్కడితో వదిలేస్తే నా పాత తప్పు మళ్లీ దూరుతుంది. యూదులంటే వడ్డీ వ్యాపారులే అనుకుంటారు. కాబట్టి వడ్డీ సంగతి విప్పి చెప్పాలి. వడ్డీకి ఇవ్వడం క్రైస్తవులకు పాపమని చర్చి నిషేధించింది. కానీ రాజుకు యుద్ధానికి డబ్బు కావాలి, బిషప్పుకు చర్చి కట్టడానికి కావాలి, రైతుకు విత్తనానికి కావాలి. మరోపక్క చేతివృత్తుల సంఘాల్లోకి యూదులను రానివ్వరు, చాలాచోట్ల భూమి ఉంచుకోనివ్వరు. మిగిలిన తలుపు ఒక్కటే, అందులోంచే కొందరు వెళ్లారు. అందరూ కాదు, బీదవాళ్లే ఎక్కువ. వెళ్లినవాళ్ల సంపాదనకు కూడా అసలు యజమాని రాజే. ఇంగ్లాండులో యూదులను రాజుగారి సొత్తుగా లెక్కకట్టేవారు, ఇష్టం వచ్చినప్పుడల్లా పన్నులు పిండేవారు. లింకన్ పట్టణపు ఆరన్ అనే పెద్ద వ్యాపారి 1186లో చనిపోతే, అతనికి రావలసిన బాకీలన్నీ రాజు స్వాధీనం చేసుకున్నాడు. వాటిని వసూలు చేయడానికి ఖజానాలో ప్రత్యేక విభాగమే పెట్టారు. యార్క్ ఘోరం తర్వాత ప్రభుత్వం తెచ్చిన పెద్ద ఏర్పాటు ఏమిటో తెలుసా? ఇకమీదట అప్పు పత్రాలకు నకలు రాయించి తాళాలు వేసిన పెట్టెల్లో దాచాలని 1194లో ఉత్తర్వు. ఈసారి కాగితాలు కాలినా రాజుకు నష్టం రాకూడదు! మనుషుల సంగతి ఆ ఉత్తర్వులో వెతుక్కోవాలి. చివరికి పిండడానికి ఏమీ మిగలని రోజున, 1290లో, ఒకటో ఎడ్వర్డ్ వాళ్లందరినీ దేశం నుంచి వెళ్లగొట్టాడు.

తర్వాత ప్లేగు. 1347 చివర్లో మొదలై యూరప్‌ను ఊడ్చేస్తున్న రోజుల్లో, యూదులు బావుల్లో విషం కలిపారని పుకారు పుట్టింది. చిత్రహింసలు పెట్టి ఒప్పించిన వాంగ్మూలాలు ఊరూరా తిరిగాయి. వాళ్లూ ప్లేగుతో చస్తున్నారు, వాళ్లు లేని చోటా ప్లేగు ఉంది, వాళ్లెలా కారణమవుతారు అని ఆరో క్లెమెంట్ పోప్ స్వయంగా ప్రకటించాడు. ఎవరు వింటారు? స్ట్రాస్‌బర్గ్‌లో యూదులను కాపాడదామన్న పాత నగర పాలకులను దించేసి కొత్తవాళ్లు గద్దెనెక్కారు. 1349 ఫిబ్రవరి 14న యూదులను సామూహికంగా తగలబెట్టారు. అప్పులు రద్దయ్యాయి, తాకట్టు వస్తువులు సొంతదారులకు చేరాయి, నగదు వృత్తి సంఘాలవాళ్లు పంచుకున్నారు. ఈ తేదీని బోర్డు మీద పెద్దగా రాయి. ఎందుకంటే ఆ రోజుకు స్ట్రాస్‌బర్గ్‌కు ప్లేగు ఇంకా రానేలేదు. నిప్పు లేకుండానే పొగ వస్తుందని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

ఇక అన్నిటికంటే జాగ్రత్తగా నడవాల్సిన చోటు. నీ క్లాసులో చర్చికి వెళ్లే పిల్లలు చాలామంది ఉంటారు. "యేసుప్రభువును సిలువ వేయించింది యూదులే కదా టీచర్" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసిపారేస్తే ఆ బిడ్డ మనసు నొచ్చుకుంటుంది, దాటేస్తే పాఠం వేరు తెగిపోతుంది. నెమ్మదిగా చెప్పు: యేసు యూదుడు, మరియమ్మ యూదు స్త్రీ, పేతురు, యోహాను అందరూ యూదులే. సిలువ రోమన్లు వేసే శిక్ష, ఆజ్ఞ ఇచ్చింది రోమన్ గవర్నరు పిలాతు. ఆ రోజు సిలువ వెయ్యమని అరిచిన గుంపు కేకలను తీసుకొచ్చి, వెయ్యేళ్ల తర్వాత ఎక్కడో రైన్ నది ఒడ్డున పుట్టిన పసిబిడ్డ మీద మోపారు. 1096లో మొదటి క్రూసేడుకు, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన మతయుద్ధానికి, బయల్దేరిన గుంపులు జెరూసలేం చేరకముందే వోర్మ్స్, మైన్జ్ ఊళ్లలో యూదులను ఊచకోత కోసింది ఈ నింద పేరుతోనే. పక్కనే ఉన్న స్పేయర్‌లో బిషప్పు అడ్డం నిలబడి చాలామందిని కాపాడాడు. ఆ బిషప్పు సంగతి మాత్రం మరిచిపోకు. 1965లో కాథలిక్ చర్చి పెద్దల వాటికన్ సభ ఆ నింద నాటి యూదులందరి మీదా, నేటి యూదుల మీదా మోపరాదని అధికారికంగా ప్రకటించింది.

ప్రొటెస్టెంటు మతానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ సంగతి కూడా చెప్పాల్సిందే. 1523లో యూదులతో ప్రేమగా మెలగమని రాసిన మనిషే, వాళ్లు తన మతంలోకి రాకపోయేసరికి 1543లో వాళ్ల ప్రార్థనా మందిరాలు కాల్చమని రాశాడు. నాలుగు శతాబ్దాల తర్వాత నాజీలు ఆ రాతలను గర్వంగా చూపించుకున్నారు. గుంటూరు ప్రాంతంలో లూథరన్ కుటుంబాలు ఎన్నో. 1842లో ఫాదర్ హయ్యర్ ఇక్కడికి వచ్చింది అమెరికా లూథరన్ల తరఫునే. ఆ దేశపు ఎవాంజెలికల్ లూథరన్ చర్చి 1994లో లూథర్ రాసిన ఆ మాటలను బహిరంగంగా తిరస్కరించి విచారం తెలిపిందని కూడా పిల్లలకు చెప్పు. తప్పును ఒప్పుకున్నవాళ్లను చూపిస్తే ఏ బిడ్డా తల దించుకోనక్కర్లేదు.

వెనిస్‌లో 1516లో పెట్టిన ఘెట్టో, అంటే యూదులు మాత్రమే ఉండాల్సిన పేట, గురించి ఒక్క నిమిషం చాలు. రాత్రి తలుపులకు తాళాలు వేసేవారు, ఆ కాపలావాళ్ల జీతం లోపలున్న యూదులే ఇచ్చుకోవాలి. అంతే చెప్పు, మిగతాది పిల్లలకే అర్థమవుతుంది. 1492లో స్పెయిన్ నుంచి వెళ్లగొట్టడం కూడా మ్యాపులో వేలుపెట్టి చూపిస్తే సరిపోతుంది.

నువ్వు ఎక్కువసేపు ఆగాల్సింది 19వ శతాబ్దంలో. 1791లో ఫ్రాన్స్, 1871 నాటికి జర్మనీ యూదులకు సమాన హక్కులిచ్చాయి. ఇక కథ సుఖాంతం కావాలి కదా? కాలేదు. ఎందుకో చూపించు. అంతకుముందు ద్వేషానికి మతం పేరుండేది, బాప్తిస్మం తీసుకుంటే బయటపడే దారి కనీసం కాగితం మీదైనా ఉండేది. స్పెయిన్‌లోని టొలెడోలో 1449లోనే మతం మారినవాళ్లను కూడా పుట్టుకను బట్టి పదవుల్లోకి రానివ్వలేదు, కానీ ఆ ఆలోచన యూరప్ అంతటికీ సిద్ధాంతంలా పాకింది ఈ కాలంలోనే. 1873లో స్టాక్ మార్కెట్లు కూలి జనం డబ్బు పోగొట్టుకున్నారు. ఆ కోపానికి ఎవరో ఒకరు దొరకాలి. 1879లో విల్హెల్మ్ మార్ అనే జర్మన్ పత్రికా రచయిత ఇది మతగొడవ కాదు, జాతి గొడవ అన్నాడు. యూదు ద్వేషానికి సైన్సు మాటలా వినిపించే 'ఆంటీసెమిటిజం' అన్న పదం ప్రచారంలోకి వచ్చింది అప్పుడే. రక్తమే తప్పంటే ఇక మారడానికేముంది? అదే ఏడాది బెర్లిన్ ప్రొఫెసర్ ట్రైట్ష్కే "యూదులు మన దౌర్భాగ్యం" అన్న వాక్యాన్ని పెద్దమనుషుల పత్రికలో రాశాడు. సాటి ప్రొఫెసర్ మామ్‌సెన్ మరుసటి ఏడాదే గట్టిగా ఖండించాడు. కానీ ఆ వాక్యం మిగిలింది. నాజీల వారపత్రిక డెర్ స్టూర్మర్ దాన్నే మొదటి పేజీ అడుగున అచ్చువేసేది. చదువుకున్నవాళ్ల నోట వచ్చిన మాట ఎంత దూరం పోతుందో చెప్పేటప్పుడు నా గొంతు నాకు తెలియకుండానే పెరిగేది.

1916 లెక్కల సంగతి తప్పకుండా చెప్పు, పుస్తకంలో ఉండదు. మొదటి ప్రపంచయుద్ధంలో యూదులు ఫ్రంటుకు పోకుండా తప్పించుకుంటున్నారని పుకారు. జర్మన్ యుద్ధ మంత్రిత్వశాఖ సైన్యంలోని యూదులను లెక్కపెట్టమంది. లెక్కపెట్టారు. ఫలితం మాత్రం యుద్ధకాలంలో బయటపెట్టలేదు. బయటపెట్టకపోవడంతో "చూశారా, ఏదో ఉంది" అన్న అనుమానం ఇంకా బలపడింది. సుమారు లక్షమంది యూదులు జర్మనీ కోసం సైన్యంలో పనిచేశారు, 12 వేలమంది ప్రాణాలిచ్చారు.

ఇప్పటి పిల్లలకు అన్నిటికంటే తొందరగా తలకెక్కేది 'ప్రోటోకాల్స్' కథ. యూదు పెద్దలు ప్రపంచాన్ని ఏలడానికి కుట్ర పన్నారంటూ 1903లో రష్యాలో ఒక పత్రిక అచ్చువేసిన దొంగ పత్రం అది. అందులో చాలా భాగం 1864లో మూడో నెపోలియన్‌ను ఎద్దేవా చేస్తూ ఒక ఫ్రెంచి రచయిత రాసిన పుస్తకం నుంచి ఎత్తిరాసిందని 1921లో లండన్ టైమ్స్ పక్కపక్కన పెట్టి నిరూపించింది. ఆ పుస్తకంలో యూదుల ఊసే లేదు. అయినా ఆ పత్రం ఆగలేదు. దొంగదని అంటున్నారంటేనే నిజమై ఉంటుందని హిట్లర్ రాశాడు. "మీ ఇంట్లో వాట్సాప్‌లో ఇలాంటిది చూశారా?" అని అడుగు, చేతులు ఎన్ని లేస్తాయో లెక్కపెట్టు.

మరో మూడు సంగతులు, తోచిన వరసలో రాస్తున్నాను. కొందర్ని యూదులుగా, కొందర్ని నాజీలుగా నిలబెట్టి నాటకం ఆడించకు. నేను ఒకసారి చేశాను, ఒక పిల్లవాడు వారం రోజులు బడికి రాలేదు. శవాల కుప్పల ఫొటోలతో మొదలుపెట్టకు. మనుషులుగా పరిచయం కాకముందే శవాలుగా పరిచయం కాకూడదు వాళ్లు. వోర్మ్స్ ఊళ్లో రాషి అనే మహా పండితుడు చదువుకున్నాడని, అతని వ్యాఖ్యానం ఇప్పటికీ యూదు పిల్లలు చదువుతారని ముందు చెప్పు. ఇక, యూదులన్న పేరు బైబిల్లోదేననుకునే పిల్లలకు మన చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు మతాచారాలు పాటించే తెలుగు కుటుంబాలున్నాయని చెప్పు. కొచ్చిన్‌లో 1568లో కట్టిన యూదుల ప్రార్థనా మందిరం రాజుగారి భవనం పక్కనే ఉందని చెప్పు. రెండు చోట్లా ఆ తోరా అనే పవిత్ర గ్రంథమే, ఆ శనివారం విశ్రాంతే. స్ట్రాస్‌బర్గ్‌లో తగలబెట్టారు, కొచ్చిన్‌లో రాజు తన గోడ పక్కనే చోటిచ్చాడు. తేడా యూదుల్లో ఉందా, రాజుల్లో ఉందా అని మొదటి బెంచీ వాళ్లను కాదు, చివరి బెంచీ వాళ్లను అడుగు.

రెండు పీరియడ్లు సరిపోవు, మూడు పడతాయి. హెడ్‌మాస్టరుగారిని ముందే అడిగి పెట్టుకో. యూరప్ గోడ మ్యాపు నా దగ్గర ఉంది, గుడ్డది, అంచు కాస్త చిరిగింది. ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, మీ పిన్నిగారు కూడా నిన్ను చూడాలంటోంది. పాఠం అయ్యాక పిల్లలు అడిగిన ప్రశ్నలన్నీ, నువ్వు జవాబు చెప్పలేకపోయినవి కూడా, ఒక కాగితం మీద రాసి పంపు.

ఇట్లు,
మాస్టారు