కాన్పు సంచిలో బట్టలా? తొడిగేది ఎవరో ముందు ఆలోచించండి

"వచ్చే నెలలో నా భార్యకు తొలి కాన్పు. ఆసుపత్రికి తీసుకెళ్ళే సంచిలో పుట్టబోయే బిడ్డకు ఎలాంటి బట్టలు, ఎన్ని జతలు పెట్టాలి?" అని మీరు అడిగారు. చదవగానే నవ్వు వచ్చింది, వెంటనే కొంచెం సిగ్గు కూడా కలిగింది. ఆరేళ్ళ క్రితం ఇదే ప్రశ్న నేను ఎవరినీ అడగలేదు. హన్మకొండలో ఉంటూ, రోజూ కాజీపేటలో రైలెక్కి జనగామ వెళ్ళి జూనియర్ కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు, నాలుగు చిన్న బట్టలు సర్దడానికి ఇంకొకరి సలహా ఎందుకనిపించింది. దాని ఫలితం ఆపరేషన్ థియేటర్ తలుపు దగ్గర పదిమంది ఎదుట అనుభవించాను.

మా ఆవిడ ఏడో నెలలో హుజూరాబాద్‌లోని తల్లిగారింటికి వెళ్ళింది. కాన్పు మాత్రం హన్మకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అనుకున్నాం. బిడ్డ పుట్టకముందు కొత్త బట్టలు కొనరాదని మా అత్తమ్మ గట్టిగా చెప్పింది. నేను చదువుకున్న అల్లుణ్ణి కనుక ఆ మాట మూఢనమ్మకమని తేల్చేసి, ఎవరికీ చెప్పకుండా వరంగల్ చౌరస్తాకు వెళ్ళి, పసిబిడ్డ బట్టలతో, పైన పారదర్శకమైన మూత ఉన్న అట్టపెట్టె ఒకటి 850 రూపాయలకు కొని, సంచి అడుగున దాచాను.

డిసెంబరు నెల, రాత్రి పదకొండు దాటింది. పగలంతా నొప్పులు పడ్డాక, బిడ్డ గుండె కొట్టుకోవడంలో తేడా వస్తోందని పెద్దాపరేషన్‌కు తీసుకెళ్ళారు. కాసేపటికి తలుపు సగం తెరుచుకుంది. ఆయమ్మ చేయి బయటికి చాపి "సారూ, ఆడపిల్ల. బట్టలియ్యండి జల్ది" అన్నది. సంచి జిప్పు లాగాను. పైన మా ఆవిడ నైటీలు, వాటి కింద దుప్పటి, ఫ్లాస్కు, బిస్కట్ పొట్లాలు, స్కానింగు ఫైలు, అన్నిటికన్నా అడుగున నా అట్టపెట్టె. దాన్ని తెరిచేసరికి అసలు కథ మొదలైంది. లోపల గౌను, టోపీ, చేతి తొడుగులు, కాళ్ళ తొడుగులు, మూతి తుడిచే గుడ్డ అన్నీ గుండుసూదులతో అట్టకు బిగించి ఉన్నాయి. ట్యూబులైటు వెలుతురులో వణుకుతున్న వేళ్ళతో ఒక్కొక్క సూదీ పీకుతూ, పీకిన సూదులను ఎక్కడ పెట్టాలో తెలియక మా మామయ్య అరచేతిలో పోస్తూ నిలబడ్డాను. ఆయమ్మ చేయి ఇంకా చాచే ఉంది. చివరికి గౌను ఊడివచ్చింది. నడుము దగ్గర నెట్టు కుచ్చులు, వీపు వైపు రెండు ప్రెస్ బటన్లు, తల మీదుగా దూర్చవలసిన ఇరుకు మెడ. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది పెండ్లికి తొడిగే గౌను సారూ. ఇంకా మెడ నిలవని పోరికి ఎట్ల తొడగాలె? ముందర కట్టేటిది లేదా? మెత్తటి గుడ్డన్న లేదా?" అని అడిగింది.

మా మామయ్య భుజం మీది తువ్వాల తీసి ఇవ్వబోయాడు. పొద్దుటి నుంచి చెమట తుడుచుకున్న తువ్వాల అది. ఆయమ్మ వద్దన్నది. అప్పుడు పక్క కుర్చీలో, పరకాల నుంచి కోడలి కాన్పుకు వచ్చిన ఒక పెద్దమ్మ, మారు మాట్లాడకుండా ఒళ్ళోని మూట ముడి విప్పింది. మూటలో అన్నిటికన్నా పైన, విడిగా ఒక దస్తీలో, అంటే చేతిరుమాల్లో, కట్టిన చిన్న కట్ట ఉంది. అందులోంచి ముందువైపు నాడాలున్న తెల్లటి జుబ్బా ఒకటి, పాత నూలు చీర కత్తిరించి అంచు మడిచి కుట్టిన చతురస్రపు గుడ్డ ఒకటి తీసి ఆయమ్మ చేతిలో పెట్టి, "రేపు ఉతికియ్యి బిడ్డా" అన్నది నాతో. మా పాప ఈ లోకంలో మొదట తొడుక్కున్నది పేరు కూడా తెలియని ఆ ఇంటి బట్ట. ఉతికి ఆరేసి తిరిగి ఇద్దామని వెళ్ళేసరికి వాళ్ళ కోడలికి మామూలు కాన్పు అయి ఇంటికి వెళ్ళిపోయారు. ఆ జుబ్బా ఇప్పటికీ మా దగ్గరే ఉంది.

అందువల్ల నా అభిప్రాయం ఇది. బట్టలు కొనేటప్పుడు అందరూ బిడ్డను ఊహించుకుంటారు, తొడిగే చేతులు ఎవరికీ గుర్తుకు రావు. మొదటి బట్ట తొడిగేది ఒకేసారి ముగ్గురు నలుగురు పిల్లలను చూసుకునే ఆయమ్మ లేదా సిస్టరు. తర్వాత తొడిగేది సెలైన్ సూది గుచ్చిన చేత్తో, కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లి. అర్ధరాత్రి తొడిగేది కళ్ళద్దాలు ఎక్కడ పెట్టిందో గుర్తులేని అమ్మమ్మ. వీళ్ళెవరూ లేనప్పుడు తొడగవలసింది మీరు, అప్పుడు మీ చేతులూ నా చేతుల్లాగే వణుకుతాయి. బట్టను పరుపు మీద పూర్తిగా పరిచి, బిడ్డను దాని మీద పడుకోబెట్టి, చేతులు దూర్చి, ముందువైపు ముడి వేయగలిగితే అది కొనదగ్గ బట్ట. తల మీదుగా దూర్చవలసింది ఏదైనా సరే, నెల నిండేదాకా సంచిలోకే కాదు, ఇంట్లోకి కూడా రాకూడదన్నది నా పట్టుదల. ముందు తెరుచుకునే జుబ్బాకు ఇంకొక లాభం ఉంది. తల్లి రొమ్ము మీద చర్మానికి చర్మం తగిలేలా బిడ్డను పడుకోబెట్టమని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకైతే మరీ మరీ చెబుతున్నారు. నాడాలు విప్పితే చాలు, మొత్తం బట్ట ఊడదీసే పని లేదు.

కొత్త బట్టలు కొనరాదన్న మా అత్తమ్మ మాటకు ఆ రాత్రితో విలువ పెరిగిందని మీరు అనుకుంటే, కథ అక్కడితో ఆగలేదు. మర్నాడు ఆమె గెలిచిన ముఖంతో హుజూరాబాద్ ఇంట్లోని ఇనుప పెట్టెలోంచి తెల్లటి గుడ్డల కట్ట తెచ్చింది. ఆమె మామగారు ఒకప్పుడు వరంగల్‌లోని ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన మనిషి. 1934లో మొదలైన ఆ మిల్లు ఇప్పుడు లేదు గానీ, దాని గుడ్డ ఆ పెట్టెలో భద్రంగా ఉందని ఆమె నమ్మకం. గుడ్డ నిజంగానే వెన్నలా ఉంది. అయితే కట్ట విప్పగానే గదంతా కలరా ఉండల వాసన నిండింది, మా వైపు వాటిని డాంబరు గోలీలంటారు. అప్పుడే వచ్చిన పిల్లల డాక్టరు ఆ కట్టను వరండాలోకి పంపించేదాకా బిడ్డను ముట్టుకోలేదు. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లల్లో ఆ గోలీల ఆవిరికి ఎర్ర రక్తకణాలు చితికిపోయి, కామెర్లు ఒక్కసారిగా పెరుగుతాయని, ఏ బిడ్డకు ఆ లోపం ఉందో ముఖం చూసి చెప్పలేమని ఆయన వివరించాడు. కనుక పాత బట్ట వాడండి, కానీ పెట్టెలో దాచిన పాత బట్ట వాడకండి. మొన్నమొన్నటిదాకా ఎవరో కట్టుకున్న, ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డ నూలు చీర లేదా ధోవతి చింపి, అంచు దారాలు లేవకుండా కుట్టించండి. కొత్తవైనా పాతవైనా గంజి, వాసన ద్రావణాలు లేకుండా ఉతికి, ఎండలో ఆరేసి మడత పెట్టండి. కొత్త బట్ట ఉతకకుండా తొడగవద్దన్నది అందరూ చెప్పేదే. నా అట్టపెట్టె ఆ లెక్కన కూడా తప్పింది.

ఇక ఆ అట్టపెట్టెల వ్యాపారం మీద నాకున్న కోపం కూడా ఇక్కడే చెప్పుకోనివ్వండి. అందులో సగం వస్తువులు బిడ్డకు పనికిరావు, ఫోటోకు పనికొస్తాయి. చేతి తొడుగుల సంగతే చూడండి. గోళ్ళతో ముఖం గీరుకుంటుందని అందరూ తొడుగుతారు. ఆ తొడుగుల్లో వేలాడే దారం బిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోయే ప్రమాదముంది, తొడుగు లోపల ఉన్నది ఎవరికీ కనిపించదు. పైగా బిడ్డ తన చేతులు నోట్లో పెట్టుకుని ఆకలి చెప్పుకుంటుంది, ఆ నోరు మనమే మూసినట్టవుతుంది. తప్పదనుకుంటే లోపలివైపు తిరగేసి దారాలు కత్తిరించి తొడగండి. టోపీకి వస్తే, నూలుది రెండు చాలు. పసిబిడ్డ తల ఒంటి పొడవులో నాలుగో వంతు ఉంటుంది, అక్కడి నుంచి ఒంటి వేడి పోతుంది కనుక పుట్టిన వెంటనే, తడి తుడిచాక టోపీ చాలా అవసరం. తర్వాత వెచ్చటి గదిలో నిద్రపోతున్న బిడ్డ నెత్తిన ఉన్ని టోపీ బిగించి, చెమటలు పట్టాక జ్వరమని కంగారుపడే బంధువులను నేను కళ్ళారా చూశాను. ఉన్ని బట్ట ఏదైనా నేరుగా చర్మానికి తగలకూడదు, లోపల నూలు జుబ్బా ఉండాలి.

డైపర్లా, లంగోటీలా అన్నది మీరు అడగలేదు గానీ అది బట్టల లెక్కను మార్చేస్తుంది. మొదటి రెండు మూడు రోజులు బిడ్డకు తారులాంటి నల్లటి మలం వస్తుంది, అది అంటిన గుడ్డ మళ్ళీ తెల్లబడదు. కనుక ఆ గుడ్డల మీద మమకారం పెట్టుకోకండి. రాత్రులు డైపరు వేసినా, మొదటి రోజు పగలు లంగోటీ కట్టడమే నాకు నచ్చింది, ఎందుకంటే 24 గంటల్లో మూత్రం పోసిందా, మలం వచ్చిందా అని డాక్టరు అడుగుతాడు. తడిసిన లంగోటీ వెంటనే తెలుస్తుంది, డైపరు చెప్పదు. ఏది కట్టినా బొడ్డు దాని అంచు కిందికి పోకుండా, పైన గాలికి ఆరేలా కట్టాలి. లంగోటీ తడిసినప్పుడల్లా జుబ్బా వెనకభాగం కూడా తడుస్తుంది కనుక రోజుకు రెండు జుబ్బాల లెక్కన నాలుగు రోజులకు ఎనిమిది, లంగోటీలు పదిహేను, చుట్టే గుడ్డలు ఆరు, సాక్సులు రెండు జతలు, పైన కప్పడానికి ఒక మెత్తటి బొంత సరిపోతాయి. మామూలు కాన్పయి రెండో రోజే పంపిస్తే సగం మిగులుతాయి, మిగలనివ్వండి. కొలత మాత్రం పెద్దది తీసుకోకండి. మా పాప బరువు 2.7 కిలోలు, నేను కొన్న గౌను మీద మూడు నుంచి ఆరు నెలలు అని రాసి ఉంది. "ఎదుగుతుంది కదా" అని కొన్నాను, ఎదిగేసరికి ఎండలు ముదిరాయి, ఆ నెట్టు గౌను ఒక్కపూట కూడా తొడగలేదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అనుకుంటున్నా ఈ సంచి తప్పదు. తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పయిన తల్లులకు ఇచ్చేందుకు 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్టులో బిడ్డ బట్టలు, తువ్వాల, దోమతెర, నూనె, సబ్బు అన్నీ ఉండేవి. హన్మకొండ ప్రసూతి ఆసుపత్రిలో మా పెద్దనాన్న కూతురికి వచ్చిన కిట్టును నేనే మోసుకొచ్చాను. అయితే ఆయమ్మ చేయి చాపేది కిట్టు చేతికి రాకముందే. అందుకని పరకాల పెద్దమ్మ పద్ధతిలో మొదటి జతను, అంటే ఒక జుబ్బా, ఒక లంగోటీ, ఒక టోపీ, రెండు గుడ్డలు, విడిగా ఉతికిన దస్తీలో కట్టి సంచిలో అన్నిటికన్నా పైన పెట్టండి. ఆ కట్ట ఎక్కడుందో మీ అత్తగారికీ, మీ వాళ్ళకూ చూపించండి. ఆ సమయానికి మీరు మందుల చీటీ పట్టుకుని మెట్ల మీద ఉండవచ్చు.

మా రెండో కాన్పు మే నెలలో జరిగింది. బయట ఎండ 44 డిగ్రీలు, గదిలో ఏసీ చలి. బట్టలు బయటి కాలాన్ని చూసి కాకుండా గదిని చూసి ఎంచుకోవాలని అప్పుడు తెలిసింది, పలచటి జుబ్బాలతో పాటు బొంత కూడా ఉంచుకోవడం వల్ల గండం గడిచింది. ఈసారి సంచి నేనే సర్దాను. పైన దస్తీ కట్ట, అందులో ఆరేళ్ళుగా దాచిన పరకాల జుబ్బా, డాంబరు గోలీలు లేకుండా దాచినదే. ఆయమ్మ అడగకముందే కట్ట చేతిలో పెట్టి, నాలో నేను కొంచెం గర్వపడ్డాను కూడా. మూడో రోజుకు బాబుకు కామెర్లు పెరిగాయని నీలిరంగు దీపాల కింద పెట్టారు. అక్కడ కళ్ళకు గంత, నడుముకు డైపరు తప్ప ఒంటి మీద నూలుపోగు ఉండకూడదట. రెండు రోజులు అలాగే ఉన్నాడు. నేను లెక్కగట్టి సర్దిన ఎనిమిది జుబ్బాల్లో మూడే వాడాం, మిగిలిన అయిదూ పెట్టిన మడత పెట్టినట్టే ఇంటికి తిరిగి వచ్చాయి.