సాంకేతిక సందేహాలు: వెంట తిరిగే బిళ్ళ, పాత ఖాతా, అరువు గొంతు

ప్రశ్న: ‘మీతోపాటు ఒక ట్రాకర్ కదులుతోంది’ అని వారం నుంచి ఫోన్‌లో హెచ్చరిక వస్తోంది. బ్యాగంతా దులిపినా ఏమీ దొరకలేదు. ఫోన్ హ్యాక్ అయిందా? (పేరు వద్దన్న పాఠకురాలు)

జవాబు: ఫోన్‌కేం కాలేదండీ, అది నిజమే చెబుతోంది. తాళాలు, సూట్‌కేసులు పోకుండా తగిలించుకునే బ్లూటూత్ ట్యాగ్ ఒకటి, వేరేవాళ్ళ ఖాతాలో ఉన్నది, మీ వెంట తిరుగుతోంది. 2021లో వచ్చిన ఆపిల్ ఎయిర్‌ట్యాగ్‌నే చూడండి: 32 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం, 11 గ్రాముల బరువు. కోటు అస్తరులో, నంబర్ ప్లేటు వెనక, సీటు కవర్‌లో ఇట్టే ఇమిడిపోతుంది. అందులో జీపీఎస్ ఉండదు, సిమ్ ఉండదు. దారిన పోయేవాళ్ళ ఆపిల్ ఫోన్లే దాని సిగ్నల్ అందుకుని, అది ఎక్కడుందో యజమానికి చేరవేస్తాయి. అందుకే జనం మసిలే చోట దాని ఆచూకీ బాగా తెలుస్తుంది.

ముందు హెచ్చరిక తెరిచి ట్యాగ్ చేత శబ్దం చేయించండి. శబ్దం రాలేదని నిశ్చింతగా ఉండకండి, స్పీకర్ పీకేసిన ట్యాగులూ ఉన్నాయి. అప్పుడు జనం లేని ఆరుబయటికి వెళ్ళి బ్యాగు, కోటు, చెప్పులు ఒక్కొక్కటే విడిగా కనీసం 30 మీటర్ల దూరం తీసుకెళ్ళి స్కాన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని భద్రత, అత్యవసరం విభాగంలో మాన్యువల్ స్కాన్ ఉంటుంది. బ్లూటూత్ ఆన్‌లో ఉండాలి.

దొరికాక తొందరపడి బ్యాటరీ తీయకండి. తెల్లవైపు ఫోన్‌కు ఆనిస్తే ఒక పేజీ తెరుచుకుంటుంది. అందులో సీరియల్ నంబరు ఉంటుంది, యజమాని ఫోన్ నంబరు చివరి నాలుగంకెలూ కనిపించవచ్చు. దాన్ని, ట్యాగ్ దొరికిన చోటును ఫొటో తీసి పోలీసులకు ఇవ్వండి. సీరియల్ నంబరు ఉంటే ఖాతా ఎవరిదో వాళ్ళు కంపెనీ నుంచి రాబట్టగలరు. స్టీలు మూతను నొక్కి అపసవ్యంగా తిప్పితే సీఆర్2032 బ్యాటరీ బయటికొస్తుంది. తీసిన మరుక్షణం నుంచి అవతలివాడికి కొత్త ఆచూకీ అందదు, అంటే మీకు తెలిసిపోయిందని వాడికీ అర్థమవుతుంది. ఆ పని ఇంట్లో కాకుండా, పక్కన మనిషి ఉండగా చేయండి.

ఒక చిక్కుంది. ఈ హెచ్చరికలు బ్లూటూత్ ట్యాగులకే. సిమ్‌తో పనిచేసే జీపీఎస్ ట్రాకర్ల సంగతి ఫోన్‌కు తెలియదు. కారు డ్యాష్‌బోర్డు కింది ఓబీడీ సాకెట్లో (మెకానిక్‌లు పరీక్ష యంత్రం తగిలించే చోటు), చక్రాల పైభాగంలో, ఛాసిస్‌కు అయస్కాంతంతో అంటించారేమోనని చేత్తో తడిమి చూడాల్సిందే.

ప్రశ్న: విడిపోయిన భర్త అమర్చిన స్మార్ట్ కెమెరా, తాళం, ఏసీ ఇంకా ఇంట్లోనే ఉన్నాయి. వైఫై పాస్‌వర్డ్ మార్చి మళ్ళీ కలిపాను. అయినా రాత్రిళ్ళు ఏసీ దానంతటదే ఆగిపోతోంది.

జవాబు: అది దయ్యమూ కాదు, హ్యాకింగూ కాదు. పరికరం ఎవరి వైఫైలో ఉందన్నది కాదమ్మా, ఎవరి ఖాతాలో ఉందన్నదే లెక్క. యాప్ ఆజ్ఞలు ఇంటర్నెట్ మీదుగా కంపెనీ సర్వర్ నుంచి వస్తాయి కాబట్టి, ఆయన ఏ ఊళ్ళో ఉన్నా మీ ఏసీ మీట నొక్కగలరు.

ఇందులో వరస ముఖ్యం. మొదట మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. మిగతా పాస్‌వర్డ్‌ల రీసెట్ లింకులన్నీ అక్కడికే వస్తాయి. మెయిళ్ళు ఇంకెవరికైనా ఫార్వర్డ్ అవుతున్నాయేమో కూడా చూడండి. రెండోది రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్, అంటే రౌటర్ సెట్టింగ్స్ తెరవడానికి వాడేది. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరు. ఆ తర్వాతే ప్రతి పరికరాన్నీ ఫ్యాక్టరీ రీసెట్ చేసి మీ కొత్త ఖాతాకు కలపండి. ముందే రీసెట్ చేసి పాత మెయిల్‌తో కలిపితే శ్రమంతా వృథా. తాళంలో అదనపు పిన్‌లు, వేలిముద్రలు ఉంటే చెరిపేయండి. కొన్ని కెమెరాలు పాత యజమాని తొలగించేదాకా కొత్త ఖాతాను ఒప్పుకోవు. అలాంటిదాన్ని బతిమాలడం అనవసరం, ప్లగ్ పీకేయండి. కోర్టు కేసు నడుస్తుంటే మాత్రం రీసెట్‌కు ముందే యాప్‌లోని లాగిన్ వివరాలు, ఏసీ ఆగిన వేళలు స్క్రీన్‌షాట్ తీసుకోండి. రీసెట్ చేస్తే అవి పోవచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి గొంతుతోనే డబ్బడుగుతూ ఫోన్ వస్తే కనిపెట్టేదెలా?

జవాబు: చెవితో కనిపెట్టలేరు, ఆ ఆశ వదులుకోండి. కంప్యూటర్ ఒకరి గొంతును అనుకరించడానికి 3 సెకన్ల నమూనా చాలని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023 జనవరిలోనే చూపించారు. తెరమీద కనిపించే నంబరునూ నకిలీ చేయవచ్చు. ఫోన్ పెట్టేసి, మీ దగ్గరున్న అబ్బాయి నంబరుకు మీరే చేయండి. ‘ఫోన్ పెట్టొద్దు నాన్నా’ అని ఎంత ఏడ్చినా సరే. ఇంట్లో ఒక సంకేతపదం అనుకుని ఉంచుకోండి, కానీ దాన్ని ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవాలి. ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఉపయోగం లేదు.

ప్రశ్న: మాట్లాడే బొమ్మ కొనొచ్చా?

జవాబు: పిన్ అడగకుండా బ్లూటూత్‌తో కలిసిపోయేదైతే వద్దు. దగ్గర్లో ఉన్న ఎవరైనా ఆ బొమ్మ మైకులోంచి వినవచ్చు, పాపతో మాట్లాడవచ్చు. ‘మై ఫ్రెండ్ కేలా’ బొమ్మను జర్మనీ 2017లో నిషేధించింది ఇందుకే.