గాలికి ఎదురుగా బయల్దేరండి

ప్రశ్న: ఎండాకాలం సెలవుల్లో నది గట్టు వెంట సైకిళ్ల మీద మెల్లగా తిరిగి రావాలని మావారూ నేనూ అనుకుంటున్నాం. నీళ్లు పారే వైపుకి పోతే అంతా పల్లమే కదా, హాయిగా ఉంటుందంటారాయన. వచ్చేటప్పుడు ఎగువకి తొక్కలేక చస్తామని నేను. ఎవరు రైటు?

జవాబు: ఇద్దరూ కాదండీ. కొండల్లో ఉరికే ఏరైతే వేరే సంగతి గానీ, మైదానంలో పారే నది పక్కన ఎత్తుపల్లాలు దాదాపు లెక్కలోకే రావు. యూరప్‌లో డాన్యూబ్ నది వెంట జర్మనీలోని పసావు నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా పేరున్న సైకిల్ దారి ఒకటుంది. 300 కిలోమీటర్ల పైచిలుకు. అంత దూరంలోనూ నది దిగేది సగటున కిలోమీటరుకి అర మీటరు కూడా ఉండదు. ఆ పల్లం మీ కాళ్లకి తెలియను కూడా తెలియదు.

తెలిసేదల్లా గాలి. నది మీద గాలికి చెట్టూ చేమా, గోడా ఏదీ అడ్డం ఉండదు. మీరు గంటకి 15 కిలోమీటర్ల వేగంతో తొక్కుతుంటే అదే వేగంతో గాలి ఎదురొస్తోందనుకోండి, మీ ఒంటికి తగిలేది 30 కిలోమీటర్ల గాలి. తగిలే గాలి వేగం రెట్టింపైతే అది వెనక్కి నెట్టే బలం నాలుగింతలవుతుంది. అందుకని పారే నీళ్లని కాదు, గట్టు మీద గడ్డి ఎటు వాలుతోందో చూసుకోండి. దానికి ఎదురుగా బయల్దేరితే ఓపిక ఉన్నప్పుడే కష్టం గడిచిపోతుంది. చాలామంది ఉల్టాగా చేస్తారు, వెనక గాలి తోస్తుంటే “ఈరోజు భలే తొక్కుతున్నామే” అని మురిసిపోయి ఎక్కడికో పోతారు, వెనక్కి తిరిగాక గానీ అసలు విషయం తెలియదు.

అయితే ఎండాకాలంలో దీనికీ ఒక తిరకాసు ఉంది. వెనకగాలీ మీరూ ఒకే వేగంతో పోతుంటే ఒంటికి గాలే తగలదు, చెమట ఆరదు, తొక్కడం తేలికైనా ఉడికిపోతారు. కాబట్టి నీళ్లు తిరుగు ప్రయాణానికే ఎక్కువ ఉంచుకోండి. సీసా సగం కాకముందే వెనక్కి తిరగడం మంచిది. దాహం వేసేదాకా ఆగక్కర్లేదు, గుక్కెడు గుక్కెడు తాగుతూ నీడ కనపడిన చోటల్లా దిగండి, మెల్లగా పోదామనే కదా బయల్దేరింది! నీళ్ల మీద పడి తిరిగొచ్చే వెలుతురు టోపీ అంచు కింద నుంచి కళ్లలో కొడుతుంది, చలువ కళ్లజోడు మర్చిపోకండి.

ప్రశ్న: టైర్లలో గాలి రాయిలా గట్టిగా కొట్టిస్తే సైకిల్ తేలిగ్గా పోతుందని మా అన్నయ్య అంటాడు. గట్టు దారి మట్టీ కంకరా. నిజమేనా?

జవాబు: నున్నటి తారురోడ్డు మీద మీ అన్నయ్య మాట కొంతవరకు నిజం. కంకర మీద మాత్రం గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది, ముందుకి పోవాల్సిన బలం కాస్తా ఆ ఎగరడంలోనే పోతుంది, పైగా అరచేతులు తిమ్మిరెక్కుతాయి. టైరు పక్కన ఎంత నుంచి ఎంత వరకు గాలి పట్టొచ్చో అంకెలు అచ్చేసి ఉంటాయి, వాటిలో కింది అంకెకి దగ్గరగా ఉంచుకోండి. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి చిల్లు పడుతుంది, బరువైన మనిషైతే కొంచెం పెంచుకోవాలి. వరద తెచ్చి పోసిన మెత్తటి ఇసుక మలుపుల్లో కనిపిస్తుంది. అక్కడ ముందు బ్రేకు పట్టుకోవద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. ఇసుక రాకముందే వేగం తగ్గించి, చిన్న గేరులో ఆగకుండా తొక్కుతూ తిన్నగా దాటేయండి.

ప్రశ్న: నడిచేవాళ్లకి బెల్లు కొడితే ఉలిక్కిపడి తిడుతున్నారు. కొట్టకపోతే అడ్డం వస్తున్నారు. ఏం చేయను?

జవాబు: సరిగ్గా వీపు వెనక దాకా వచ్చి బెల్లు కొడితే ఎవరైనా తిడతారు బాబూ. దూరం నుంచే ఒక్కసారి కొట్టి, వేగం తగ్గించి, వాళ్లు ఎటు జరుగుతారో చూసి దాటు. పిల్లలూ కుక్కలూ ఎటు జరుగుతారో వాళ్లకే తెలియదు, అక్కడ మాత్రం దిగి నడిపించుకుపో.