థర్డ్ మేట్‌గా షిప్ ఎక్కబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు థర్డ్ మేట్‌గా ఉద్యోగం ఖాయమైందనీ, వచ్చే వారమే సింగపూర్‌లో షిప్ ఎక్కుతున్నావనీ చెప్పింది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. నేను గట్టిగానే ఉన్నాననుకున్నాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్య వచ్చి, "మీరు కూడా ఏంటండీ, చిన్నపిల్లాడిలా" అంది. మన ఇళ్ళల్లో సముద్రం మీదకి వెళ్ళినవాళ్ళమంతా డెక్కు పని చేసే కలాసీలుగా చేరి, మహా అయితే ఆ కలాసీలకి పెద్దలైన సరంగులుగా రిటైరైన వాళ్ళం. షిప్‌ని నడిపించే ఆ పై గదిలో, బ్రిడ్జి మీద, ఆఫీసర్‌గా నిలబడేది మనలో నువ్వే మొదలు. ఆ సంతోషంతో పడుకుంటే నిద్ర పట్టాలి కదా, పట్టలేదు. తెల్లవారుజామున లేచి ఇది రాస్తున్నాను.

నడి సముద్రం గురించి నాకు పెద్దగా బెంగ లేదు. అక్కడ షిప్‌కి చోటు ఉంటుంది, పొరపాటు జరిగినా దిద్దుకోవడానికి టైము ఉంటుంది. పోర్టు దగ్గర ఆ రెండూ ఉండవు. మన విశాఖ ఛానెల్ చూస్తూ పెరిగినదానివి. డాల్ఫిన్ నోస్ పక్క నుంచి అంత పెద్ద షిప్ లోపలికి వస్తుంటే "కొండకి తగలదా మావయ్యా" అని చెయ్యి పట్టుకుని అడిగేదానివి. తగలకుండా చూసేవాళ్ళలో ఇప్పుడు నువ్వూ ఒకదానివి.

నువ్వు చదువుకుని, పరీక్షలు రాసి వచ్చినదానివి కాబట్టి తెలిసినవి గబగబా చెప్పేస్తాను. బయల్దేరే ముందు 12 గంటల్లోపు స్టీరింగ్ టెస్ట్ చెయ్యాలన్నది సోలాస్ అనే అంతర్జాతీయ షిప్పుల భద్రతా ఒప్పందం రూలు. అది చేసేటప్పుడు బ్రిడ్జి మీద సూది ఒక్కటే చూసి సరిపెట్టకు. కింద స్టీరింగ్ గది దగ్గరున్న ఇంజనీర్‌ని అడిగి, చుక్కాని నిజంగా అంతే తిరిగిందో లేదో కలుపుకో. పోర్టు నీళ్ళల్లో రెండు స్టీరింగ్ మోటార్లూ నడుస్తూ ఉండాలి. ఇంజిన్‌ని ముందుకీ వెనక్కీ తిప్పించి చూడాలి. రాడార్లు, లోతు కొలిచే ఎకో సౌండర్, వీహెచ్ఎఫ్ రేడియో, లైట్లు, హారన్, జెండాలు, ఇవన్నీ నీ పనే. బ్రిడ్జిలోనూ ఇంజిన్ గదిలోనూ గడియారాలు ఒకటే టైము చూపించాలి. పోర్టులో దారి చూపించడానికి షిప్ ఎక్కే పైలట్‌కి ఇచ్చే కార్డులో ఆ రోజు డ్రాఫ్ట్, అంటే షిప్ నీళ్ళల్లో ఎంత లోతు మునిగి ఉందో, రాయి, పోయిన పోర్టుది దించెయ్యకు. కెప్టెన్, పైలట్ మాట్లాడుకునేటప్పుడు షిప్ కట్టేది ఏ బెర్తు, లాగడానికి టగ్గు పడవలు ఎన్ని, షిప్ అడుగు కింద ఎంత నీరు అన్నవి చెవిన వేసుకో. లోతు తక్కువ నీళ్ళల్లో స్పీడు రెట్టింపైతే షిప్ కిందికి దిగడం దాదాపు నాలుగు రెట్లవుతుంది. అడుగు కింద ఎంత నీరు అన్న నంబర్లు అందుకే అంత ముఖ్యం.

పైలట్ నిచ్చెన దగ్గరికి చాలాసార్లు నిన్నే పంపిస్తారు. నీటి మీంచి డెక్కు దాకా 9 మీటర్లు దాటితే ఒక్క తాడు నిచ్చెన చాలదు, పక్క మెట్ల నిచ్చెనతో కలిపి వెయ్యాలి. దాన్ని డెక్కు మీద గట్టి చోట కట్టారో లేదో చూడు. రైలింగుకి కట్టేస్తే ఎవరేమన్నా విప్పించి మళ్ళీ కట్టించు. మెట్ల మీద గ్రీజు ఉందా, తాడు ఎక్కడైనా పీచు లేచిందా, టార్చి వేసి చూడు. నీళ్ళల్లో పడినవాళ్ళకి విసిరే లైఫ్‌బాయ్ చక్రం పక్కనే ఉండాలి. ఆ ఎక్కే మనిషి అర్ధరాత్రి, అలల మధ్య, చిన్న పడవ మీంచి మన తాడుని నమ్మి కాలు పెడతాడు.

ఇక లంగర్లు. దీని కోసమే ఈ ఉత్తరం అనుకో.

నేను కలాసీగా చేరిన కొత్తల్లో ఒకసారి హుగ్లీ నది మీదుగా కోల్‌కతా వెళ్తున్నాం. నీకు తెలుసు కదా, నది ముఖద్వారం బయట సముద్రంలో ఉన్న శాండ్‌హెడ్స్ నుంచి కోల్‌కతా డాకుల దాకా 200 కిలోమీటర్లు పైనే ఉంటుంది. నీటి వడి గట్టిది, ఇసుక మేటలు చోటు మారుతూ ఉంటాయి. అక్కడ పైలట్లు లంగర్లు సిద్ధంగా ఉన్నాయా అని మొదటే అడుగుతారు. ఆ రోజు వాన. మా సరంగు మంచి పనిమంతుడు, నాకు తాడు ముడి నేర్పించిన గురువు. కుడి లంగరు క్లియర్ చేశాం, అంటే చెప్పగానే వదలడానికి వీలుగా బిగింపులు తీసేశాం. ఎడమది మొదలుపెట్టబోతుంటే పైలట్ లాంచి దగ్గరికి వచ్చేసింది, నిచ్చెన దగ్గరికి మనుషుల్ని పంపమని బ్రిడ్జి నుంచి పిలుపు. నన్నూ ఇంకొకతన్నీ సరంగు వెంటబెట్టుకుని వెళ్ళాడు. మిగిలింది తన కింద ఉండే తండేలు చూసుకుంటాడని సరంగు అనుకున్నాడు. సరంగు అప్పటికే రెండూ చేసేశాడని తండేలు అనుకున్నాడు. బ్రిడ్జి నుంచి థర్డ్ మేట్ వాకీటాకీలో "లంగర్లు క్లియరా?" అని అడిగితే, "క్లియర్ సార్" అని ముందు నుంచి జవాబు వెళ్ళింది. ఆయన చెక్‌లిస్టులో టిక్కు పెట్టాడు.

కొన్ని గంటలు బాగానే నడిచింది. ఒక మలుపు దగ్గర షిప్ మొత్తం కరెంటు పోయింది. ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది, ఇంజిన్ ఆగిపోయింది. ఎడమ లంగరు వదలమని పైలట్ ఆర్డరు. సరంగు బ్రేకు చక్రం మొత్తం తిప్పేశాడు. గొలుసు కదల్లేదు. ఎడమ గొలుసు మీద క్లా అలాగే ఉంది. సముద్రంలో లంగరు కదలకుండా దాన్ని బిగించి పెడతాం కదా, ఆ ఇనుప కొక్కెం. బ్రేకు వదలగానే లంగరు బరువు మొత్తం దాని మీద పడింది.

ఇక్కడ జాగ్రత్తగా విను. బరువు మీద ఉన్న క్లా చేత్తో ఊడదు. లంగరు గొలుసు లాగే మిషను విండ్లాస్‌తో గొలుసుని కొంచెం వెనక్కి లాగి, బరువు తప్పించి అప్పుడు తియ్యాలి. విండ్లాస్‌కి కరెంటు కావాలి. లంగరు అత్యవసరంగా కావలసిన క్షణం సాధారణంగా కరెంటు పోయిన క్షణమే. అందుకే పోర్టు నీళ్ళల్లోకి రాకముందే, కరెంటు ఉండగానే, గేరు వేసి, బరువు తప్పించి, క్లా తీసేసి, గొలుసుకి అడ్డంగా ఉండే స్టాపర్ బార్ ఎత్తి పిన్ను పెట్టి, మళ్ళీ గేరు తప్పించి, లంగరు ఒక్క బ్రేకు మీదే ఉండేలా వదిలెయ్యాలి. అప్పుడు షిప్ అంతా చీకటైపోయినా ఒక్క మనిషి చేత్తో లంగరు వదలగలడు.

మేము సమ్మెట తీసుకుని కొట్టాం. రంగు పెచ్చులు లేచాయి, నిప్పురవ్వలు లేచాయి, అది ఊడలేదు. బ్రిడ్జి నుంచి కుడి లంగరు వదలమని ఇంకో ఆర్డరు వచ్చింది, అది జారుమని దిగింది. కానీ అప్పటికే ఆలస్యమైంది. షిప్ ముక్కు ఇసుక మేట మీదకి ఎక్కేసింది. కింద రాయి కాకుండా ఇసుక కావడం మా అదృష్టం. తర్వాతి పోటుకి టగ్గులు పెట్టి లాగారు. కానీ సమ్మెట కొడుతున్న కుర్రాడికి, కొక్కెం ఒక్కసారి అదిరి తగిలి మణికట్టు విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ తాడు పట్టుకోలేదు. వాళ్ళ ఊరికి తర్వాత నేను వెళ్ళాను. కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో తూకం వేస్తున్నాడు.

విచారణలో ఆ చెక్‌లిస్టు బయటికి తీశారు. టైముతో సహా అన్ని టిక్కులూ శుభ్రంగా ఉన్నాయి, కింద థర్డ్ మేట్ సంతకం. నీ వయసే ఉంటుంది ఆ అబ్బాయికి. "వాళ్ళు క్లియర్ అన్నారు సార్, వాళ్ళు క్లియర్ అన్నారు" అని అదే మాట. నిన్న మీ అమ్మ "థర్డ్ మేట్" అనగానే నా కళ్ళ ముందుకి వచ్చింది ఆ అబ్బాయి మొహమే.

ఇలా జరిగింది మా ఒక్క షిప్‌లోనే కాదు. 1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్ పోర్టు నుంచి హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు తెరిచే బయల్దేరింది. మూయాల్సిన మనిషి క్యాబిన్‌లో నిద్రపోతున్నాడు. మూసే ఉంటారని పైవాళ్ళు అనుకున్నారు. ఆ తలుపులు మూశారో లేదో చూపించే దీపం కూడా బ్రిడ్జి మీద లేదు. పోర్టు దాటగానే కారు డెక్కులోకి నీళ్ళు దూరి షిప్ ఒరిగిపోయింది, 193 మంది పోయారు. మొన్న మొన్నటి సంగతి, 2024 మార్చి 26, బాల్టిమోర్‌లో డాలీ షిప్. అందులో దాదాపు అందరూ మన దేశం వాళ్ళే. కరెంటు పోయి వంతెన స్తంభాన్ని గుద్దితే, వంతెన మీద పని చేస్తున్న ఆరుగురు కూలీలు చనిపోయారు. బయల్దేరడానికి కొన్ని గంటల ముందు, బెర్తులో ఉండగానే రెండుసార్లు కరెంటు పోయిందని దర్యాప్తులో తేలింది. కాబట్టి బెర్తులో ఏ చిన్న గొడవ జరిగినా, "సర్దేశాం కదా" అని ఊరుకోకుండా కెప్టెన్‌కి గుర్తు చెయ్యి, పైలట్‌కి చెప్పేదాకా వదలకు. విసుక్కుంటే విసుక్కోనీ.

నువ్వు బ్రిడ్జి మీద ఉంటావు, లంగర్లు అక్కడెక్కడో రెండొందల మీటర్ల అవతల ఉంటాయి. మరెలా అంటావా? వీలున్నప్పుడల్లా కెప్టెన్ పర్మిషన్ తీసుకుని, సరంగు క్లియర్ చేసే టైముకి ముందుకి వెళ్ళి పక్కన నిలబడు. వెళ్ళలేనప్పుడు "క్లియరా?" అని అడక్కు. దానికి చూడకుండా కూడా జవాబు చెప్పొచ్చు. "కుడి క్లా ఎక్కడుంది? ఎడమ బార్ పైకి ఉందా, పిన్ను పెట్టారా? గేరు తప్పించారా?" అని ఒక్కో లంగరుకీ విడివిడిగా అడుగు. జవాబు చెప్పాలంటే అతను వంగి చూడాల్సిందే. సరంగులకి రోషం ఎక్కువ, ఆ సంగతి నాకంటే ఎవరికి తెలుసు. ఆడపిల్ల, నిన్నగాక మొన్న వచ్చింది, నన్ను అడుగుతుందా అనుకుంటాడు. ఆయన్ని గౌరవంగా పిలువు, పని నేర్పించమను, కానీ అడగడం మాత్రం మానకు. రెండు పోర్టులు తిరిగేసరికి నువ్వు అడక్కముందే చెప్పడం మొదలుపెడతాడు.

తాళ్ళ సంగతి. ఎప్పుడో ఒకరోజు నిన్ను షిప్ వెనక తాళ్ళు కట్టే స్టేషన్‌కి పంపుతారు. జుట్టు మొత్తం హెల్మెట్ లోపలికి తోసేసుకో, నీకు ఆ వదిలేసే అలవాటు ఉంది. తాడు మెలికలో కాలు పెట్టకు. వెనకటికి తాడు తెగితే కొట్టే చోట్లని డెక్కు మీద రంగు వేసి చూపించేవారు, ఆ గీత బయట నిలబడితే చాలనుకునేవాళ్ళం. అది నమ్మొద్దు. సాగి ఉన్న తాడు తెగితే ఏ వైపు వస్తుందో ఎవరూ చెప్పలేరు, డెక్కు మొత్తం ప్రమాదమే అనుకో. 2024 జనవరి నుంచి తాళ్ళ చెకింగ్ రికార్డు తప్పనిసరి చేశారు. మంచి పని. ఆ పుస్తకం అడిగి చూడు, అందులో రాసిన తాడూ డ్రమ్ము మీద ఉన్న తాడూ ఒకటేనా అని కూడా చూడు.

బయల్దేరే రోజు హడావుడిలో ఇవి మరిచిపోతారు: ముందూ మధ్యా వెనకా డ్రాఫ్ట్ చదవడం, సరుకు గదుల మూతలు (హాచ్‌లు), వెంటిలేటర్లు మూయడం, ఎవరైనా దొంగచాటుగా ఎక్కారేమో వెతకడం, దిగాల్సినవాళ్ళు అందరూ దిగారో లెక్క పెట్టడం. అందరూ నిద్రలేక ఉంటారు అప్పుడు. 24 గంటల్లో 10 గంటల విశ్రాంతి రూలు ఉంది, పడుకోకుండానే పడుకున్నట్టు కాగితంలో రాయకు. కళ్ళు మూతలు పడుతుంటే చీఫ్ మేట్‌కి చెప్పు, సిగ్గుపడకు. బ్రిడ్జి మీద ఫోన్ తియ్యకు. ఈ మాట నీకు ఇంట్లో కూడా చాలాసార్లు చెప్పాను, వినలేదు. అక్కడ మాత్రం విను తల్లీ.

తిడుతున్నాననుకోకు. నీ మీద నమ్మకం లేక కాదు. ఆరేళ్ళప్పుడు నా పాత హెల్మెట్ పెట్టుకుని మేడ మీద "లంగరు వదలండి" అని అరిచేదానివి, కింద మీ తాతయ్య "వదిలేశాం సార్" అనేవాడు. ఆయన ఇప్పుడు ఉండి ఉంటే ఊరంతా తిరిగి చెప్పేవాడు.

సీడీసీ (సీమన్ గుర్తింపు పుస్తకం), సర్టిఫికెట్లు, ఎల్లో ఫీవర్ టీకా పుస్తకం చేతి సంచిలోనే పెట్టుకో, పెద్ద బ్యాగులో వెయ్యకు. మంచి టార్చి ఒకటీ, తోలు గ్లౌజులూ కొన్నాను. గ్లౌజులు నీ చేతికి పెద్దవవుతాయేమో, ఆదివారం వచ్చి వేసి చూసుకో. మీ అత్తయ్య కందిపొడి, నిమ్మకాయ ఊరగాయ ప్యాక్ చేస్తోంది, వద్దనకు. షిప్ ఎక్కాక ముందు మీ అమ్మకి చెయ్యి, తర్వాత నాకు. మొదటి పోర్టులోకి వెళ్ళేటప్పుడు క్లా తీయడం నీ కళ్ళతో చూశావో లేదో ఆ ఒక్కటీ రాయి.

మీ మావయ్య