మొటిమల మందు మొదలుపెట్టే ముందు: మేనకోడలికి ఓ ఉత్తరం

అమ్మలూ,

నువ్వు పంపిన ప్రిస్క్రిప్షన్ ఫోటో చూశాను. ఐసోట్రెటినాయిన్ 20 ఎంజీ, రాత్రి భోజనంతో ఒకటి. లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష), లివర్ పరీక్ష, ప్రెగ్నెన్సీ టెస్ట్. డాక్టరు గారు రాసింది సబబుగానే ఉంది. నీ ప్రశ్నల్లా ఒకటే: "రూమ్మేట్‌కి డాక్సీతోనే తగ్గిపోయింది కదత్తా, నాకెందుకు ఇంత పెద్ద మందు?" నేను డాక్టర్ని కాను, ఫార్మసిస్టుని. కాకపోతే మందుల షాపు కౌంటర్ వెనకాల సగం జీవితం గడిచింది కాబట్టి ఎవరు ఏ మందు ఎలా వాడతారో, ఎక్కడ పప్పులో కాలేస్తారో చూశాను. అది చెబుతాను.

మొటిమ రావడానికి నాలుగు సంగతులు కలవాలి. చర్మంలో నూనె ఎక్కువ ఊరాలి, రంధ్రం మూసుకోవాలి, లోపల బాక్టీరియా పెరగాలి, దాంతో వాపు రావాలి. డాక్సీ, అంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, చివరి రెండింటి మీదే పనిచేస్తుంది. ఐసోట్రెటినాయిన్ నూనె గ్రంథినే కుదించేస్తుంది, దాంతో మిగతా మూడూ అణుగుతాయి. ఇందులో ఏది గొప్పదని కాదు, నీకొచ్చినవి ఎలాంటివన్నది చూడాలి. మీ రూమ్మేట్‌కి బుగ్గల మీద ఎర్రటి పొక్కులు. నీకు దవడ కింద, వీపు మీద ముట్టుకుంటే నొప్పి పుట్టే గడ్డలు, తగ్గాక గుంటలు. ఆ గుంటలు పడ్డాక ఏ మాత్రా పూడ్చదు. లేజర్లూ సూదులూ అంటూ తిరిగినా పూర్తిగా మునుపటిలా రాదు. డాక్టరు తొందరపడేది అందుకే.

డాక్సీని నేను తీసిపారెయ్యను. మధ్యరకం మొటిమలకు మంచి మందు. కానీ మూడు నాలుగు నెలలకు మించి లాగకూడదు, ఒంటరిగానూ వాడకూడదు. పక్కన బెంజాయిల్ పెరాక్సైడ్ లాంటి పూతమందు ఉంటే బాక్టీరియా మొండికెయ్యదు. (ఆ పూత తువ్వాళ్లనూ దిండు గలీబులనూ తెల్లగా చేసేస్తుంది, మంచివి దాచుకోమని మీ రూమ్మేట్‌కి చెప్పు.) పాలతో, ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే సరిగా ఒంటపట్టదు. ఎండలోకి వెళితే చర్మం త్వరగా కమిలిపోతుంది. ఒకసారి ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు షాపుకొచ్చి, గుండెల మధ్య వేలు పెట్టి చూపిస్తూ, మంచినీళ్లు కూడా దిగడం లేదన్నాడు. రాత్రి మాత్ర నోట్లో వేసుకుని, సీసాలో మిగిలిన గుక్కెడు నీళ్లు తాగి, అలాగే పడుకున్నాడట. డాక్సీ అన్నవాహికలో అతుక్కుంటే పుండు చేస్తుంది. నిండా గ్లాసు నీళ్లు, ఆ తర్వాత అరగంట నిటారుగా కూర్చోవడం. మాత్రల స్ట్రిప్ మీద ఇది రాసి ఉండదు, షాపులోనూ ఎవరూ చెప్పరు.

మైనోసైక్లిన్ కూడా డాక్సీ వంశమే. తల తిరగడం, ఎక్కువకాలం వాడితే చర్మం మీద నీలిరంగు మచ్చలు, అరుదుగానే అయినా లివర్ తంటాలు ఉన్నాయి కాబట్టి ఇప్పుడు డాక్టర్లు ముందుగా దాన్ని రాయరు. వారానికి మూడు రోజులు వేసుకోమని రాసే అజిత్రోమైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ నాకు నచ్చదు. మన దేశంలో టైఫాయిడ్‌కి పనికొచ్చే మందు అది. మొటిమల కోసం దాని పదును అరగదీయడం ఎందుకు?

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఐసోట్రెటినాయిన్ వాడుతున్నన్నాళ్లూ డాక్సీ, మైనో రెండూ ముట్టుకోకూడదు. నీ మందుతో వాటిలో ఏది కలిసినా పుర్రె లోపల ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. మీ గదిలో రూమ్మేట్ మిగిల్చిన డాక్సీ స్ట్రిప్ ఉండే ఉంటుంది, జ్వరానికో గొంతునొప్పికో అది తీసి వేసుకునేవు సుమా. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం వస్తే మాత్ర ఆపేసి అదే రోజు డాక్టరు దగ్గరికి పో.

ఇక నీ మందు. విటమిన్ ఏ కి దగ్గరి చుట్టం. అమెరికాలో 1982లో అనుమతి వచ్చింది. అంటే నలభై ఏళ్లు దాటిన అనుభవం ఉంది, కొత్త ప్రయోగమేం కాదు. మామూలుగా కిలో బరువుకి మొత్తం 120 నుంచి 150 మిల్లీగ్రాములు పడేదాకా వాడతారు. నువ్వు 52 కిలోలు. తక్కువ లెక్కే తీసుకున్నా 6,240 మిల్లీగ్రాములు. రోజుకి 20 చొప్పున 312 రోజులు. "పది నెలలా!" అని గుండె బాదుకోకు. రోజుకి 40 అయితే ఐదు నెలల్లో అయిపోతుంది, కానీ పెదవులు పగిలి రక్తం కారుతాయి. తక్కువ డోసు ఎక్కువకాలం ఇచ్చే డాక్టర్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. మధ్యలో మొహం బాగుందని నీ అంతట నువ్వు ఆపకు. సగంలో ఆపితే తిరగబెట్టే అవకాశం ఎక్కువ.

కొవ్వుతో కలిస్తేనే ఇది సరిగా ఒంటికి పడుతుంది. డైటింగ్ అని రాత్రిపూట నాలుగు దోసకాయ ముక్కలు తిని వేసుకుంటే మందు దండగ. పప్పన్నంలో నెయ్యి వేసుకుని తిను, తర్వాత వేసుకో. మొదటి నెలలో మొటిమలు ఎక్కువైనట్టు కనిపించవచ్చు. అది చూసి టెన్షన్ పడకు, మరీ ఎక్కువైతే డాక్టరుకి చూపించు. పెదవులు ఎండిపోవడం దాదాపు అందరికీ తప్పదు. ముక్కు లోపల కూడా ఎండి రక్తం చుక్క కనిపిస్తుంది, కాస్త వాజిలైన్ రాస్తే చాలు. కాంటాక్ట్ లెన్సులు ఇబ్బంది పెడతాయి. వాక్సింగ్ వద్దు, చర్మం ఊడొస్తుంది. కొందరికి జుట్టు కొంచెం రాలుతుంది. అప్పుడే నువ్వు మాట వినకుండా హెయిర్ టాబ్లెట్లు కొంటావని నా అనుమానం. వాటిలో కొన్నిటిలో విటమిన్ ఏ ఉంటుంది, రెండూ కలిస్తే విషమే. రక్తదానం కూడా మందు ఆపిన నెల దాకా చెయ్యకూడదు. మనసు ఊరికే దిగులుగా ఉన్నా, నిద్ర పట్టకపోయినా దాచకుండా నాకో మీ అమ్మకో చెప్పు.

మీ అమ్మ భయం వేరే. సంబంధాలు చూస్తున్నారు, ఈ మందు వేస్తే పిల్లలు పుట్టరని ఎవరో చెప్పారట. పుట్టరన్నది అబద్ధం. వాడుతుండగా గర్భం వస్తే మాత్రం బిడ్డకు తీవ్రమైన అవకరాలు రావచ్చు, అది ముమ్మాటికీ నిజం. అందుకే మొదలుపెట్టే ముందు పరీక్ష, వాడినన్నాళ్లూ జాగ్రత్త, ఆపాక ఒక నెల. ఆ నెల దాటాక మందు ఒంట్లో మిగలదు. మందు ఆపాక పిల్లల కోసం మూడేళ్లు ఆగాలన్న మాట అసిట్రెటిన్ అనే వేరే మందుది, అది సోరియాసిస్‌కి రాస్తారు. ఈ రెండింటినీ కలిపేసి జనం బెదిరిపోతుంటారు. అమెరికాలో 2006 నుంచి డాక్టరు, షాపు, రోగి ముగ్గురూ పేర్లు నమోదు చేసుకుంటేనే ఈ మందు ఇస్తారు. మన దగ్గర అంత కట్టడి లేదు, పాత స్ట్రిప్ చూపించి "ఇదే ఇంకో పది ఇవ్వండి" అనేవాళ్లూ ఉన్నారు, ఇచ్చేవాళ్లూ ఉన్నారు. నువ్వు డాక్టరుతో పెళ్లి సంగతి దాచకుండా చెప్పు. ముహూర్తం ముందుకి జరిగితే ఆయన లెక్క మారుస్తారు.

నీకు నెలసరి రెండేసి నెలలు ఆగుతోందని పోయినసారి అన్నావు కదా. దవడ కింద గడ్డలు, గడ్డం మీద వెంట్రుకలు, ఈ నెలసరి తేడా మూడూ కలిస్తే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే అండాశయాల సమస్య) ఉందేమో చూడాలి. అది ఈ ఫోటోలో ఎక్కడా రాసి లేదు. నువ్వు చెప్పలేదేమో! ఉంటే స్పైరోనోలాక్టోన్ అనే ఇంకో దారి ఉంది. అసలు బీపీ మందు అది, షాపువాడు "ఎవరికమ్మా బీపీ?" అంటాడు, పట్టించుకోకు. మగ హార్మోన్ల ప్రభావాన్ని తగ్గిస్తుంది. మూడు నెలలైనా ఓపిక పట్టాలి, గర్భంలో ఇదీ వాడకూడదు. గర్భనిరోధక మాత్రలు కూడా కొందరికి పనిచేస్తాయి. కళ్ల ముందు మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా డాక్టరుకి ముందే చెప్పాలి.

నీ దగ్గరున్న అడాపలీన్ జెల్ (మొటిమల పూతమందు) పారెయ్యకు, ఇప్పుడు రాయకు కూడా. కోర్సు అయ్యాక రాత్రిళ్లు బఠాణీ గింజంత రాయమని బహుశా ఆయనే చెబుతారు. తెల్లబడతావని ఎవరైనా ట్యూబు ఇస్తే మాత్రం వెనక అక్షరాలు చదువు. క్లోబెటసాల్, బీటామెథాసోన్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. వారంలో మొహం నిగనిగలాడుతుంది, మానేసిన మరుక్షణం కొత్త మొటిమలు. 2018లో ఇలాంటి క్రీముల్ని షెడ్యూల్ హెచ్ కిందికి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలోకి తెచ్చారు, అయినా ఊళ్లో కిరాణా కొట్టులో కూడా దొరుకుతున్నాయి.

"వేడి చేసింది, పెళ్లయితే అవే పోతాయి" అని మీ నాయనమ్మ అంటే నవ్వి ఊరుకో. మీ అమ్మతో నేను మాట్లాడతాను. శనివారం పరగడుపున రక్తం ఇవ్వు, ముందురోజు రాత్రి బిర్యానీ వద్దు, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఒక రకం కొవ్వు) ఊరికే పెరిగి కనిపిస్తాయి. నెలసరి సంగతి డాక్టరుకి చెప్పి, ఆయన ఏమన్నారో విన్నాకే మొదటి క్యాప్సూల్ వేసుకో. రిపోర్టు వచ్చాక ఫోటో పంపు.

నీ మేనత్త