చెడ్డ కబురు నీకే ముందు తెలియాలి

అమ్మలూ,

సింగపూర్ పోస్టు ఖాయమైందని అక్క ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. జపాన్‌లో కొందరు, నెదర్లాండ్స్‌లో కొందరు, ఇక్కడ వైజాగ్ మధురవాడ ఆఫీసులో కొందరు, అందరినీ నువ్వే చూసుకోవాలట కదా. లీడర్‌షిప్ కోర్సుల్లో ఏది మంచిదని నువ్వు పంపిన లిస్టు చూశాను. పక్కన రాసిన ఫీజులు కూడా చూశాను. కంపెనీ కడితే చెయ్యి. సొంత డబ్బయితే ఒక ఏడాది ఆగు. సర్టిఫికెట్ ఉంటే ఇంటర్వ్యూకి పిలుస్తారేమో గానీ, నీకు ఉద్యోగమే చేతికొచ్చింది.

నేను వైజాగ్ పోర్టులో షిప్పింగ్ ఏజెన్సీ గుమాస్తాగా మొదలై, సింగపూర్‌లో రీజనల్ మేనేజర్‌గా రిటైర్ అయినవాణ్ణి. ఎంబీఏ చదవలేదు. రకరకాల దేశాల బాసుల కింద పనిచేశాను, రకరకాల వాళ్లతో పని చేయించాను. నాకు అర్థమైనంతలో మంచి మేనేజర్‌ని పోల్చుకోవడానికి గుర్తు ఒకటే: ఆ ఆఫీసులో చెడ్డ కబురు అతనికి ఎంత తొందరగా చేరుతుంది? అందరికీ తెలిసి చివరికి అతనికి తెలుస్తుంటే, ఎంత బాగా ఇంగ్లీషు మాట్లాడినా అతను లీడర్ కాడు.

పోర్టు సంగతి ఒకటి చెబుతాను. బైలదిల్లా గనుల నుంచి కేకే రైలు లైన్ మీద వచ్చే ఐరన్ ఓర్, అంటే ఇనుప ఖనిజం, మన రేవు నుంచి జపాన్ వెళ్లేదని నీకు తెలుసు. ఓర్‌లో సన్న పొడి రకాన్ని ఫైన్స్ అంటారు. అందులో తడి ఎక్కువైతే ఓడ ఊగుడికి లోపలి సరుకంతా బురదై ఒక పక్కకి జారుతుంది, ఓడ ఒరిగిపోతుంది. 2009 వానల్లో మన దేశపు ఫైన్స్ ఎక్కించుకున్న ఏషియన్ ఫారెస్ట్ అనే ఓడ మంగళూరు దగ్గర, బ్లాక్ రోజ్ పారాదీప్ దగ్గర మునిగిపోయింది ఇలాగే. దీన్ని అక్కడికక్కడే చూసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఒక డబ్బాలో సగం దాకా ఓర్ పోసి, జానెడు ఎత్తు నుంచి గట్టి బల్ల మీద ఇరవై అయిదు సార్లు కొడతారు. పైన నీరు తేలినా, తడిగా మెరిసినా సరుకుని ల్యాబ్‌కి పంపాలి. తేలకపోయినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు, అది వేరే సంగతి.

ఒక వానాకాలం రాత్రి మా కుర్రాడొకడు ఆ పరీక్ష చేస్తే డబ్బా పైన తడి మెరిసింది. మా బాస్‌కి చెప్పాలి. చెప్పలేదు. ఆయన పేరెందుకులే గానీ, ఇబ్బంది కబురు ఎవరు మోసుకొస్తే వాళ్లనే ముందు తిట్టే అలవాటు ఆయనకి. కుర్రాడు నేరుగా ఓడ ఎక్కి చీఫ్ ఆఫీసర్‌కి చెప్పాడు. ఆయన ఫిలిప్పీన్స్ మనిషి. "నువ్వు సరిగ్గా చేశావా?" అని అడగలేదు. "ఇంకో డబ్బా తీసుకురా, ఇద్దరం కలిసి చేద్దాం" అన్నాడు. లోడింగ్ ఆగింది. మా బాస్‌కి తెలిసేసరికి తెల్లారింది. ఆ కుర్రాడికి ఆ ఆఫీసర్‌తో అంతకుముందు పరిచయం కూడా లేదు. ఆయన డెక్ మీద కూలీలతో మాట్లాడే తీరు చూసి ధైర్యం చేశాడు, అంతే.

నువ్వు నేర్చుకోవలసింది ఆ తీరే. "అంతా ఓకేనా?" అని అడిగితే మధురవాడ వాళ్లు ఓకే మేడమ్ అంటారు. నువ్వు వినాలనుకున్నది అదే అని వాళ్లకి తెలుసు. "ఈ వారం ఎక్కడ ఆగిపోయేలా ఉంది?" అని అడుగు. మొదట ఒకటి రెండుసార్లు ఎవరూ నోరు విప్పరు. ఎవరో ఒకరు ఎప్పుడో చెబుతారు. అప్పుడు నీ ముఖం ఎలా ఉందో మిగతావాళ్లంతా చూస్తారు. కాబట్టి ముందు "ఇప్పుడే చెప్పావు, మంచి పని చేశావు" అను. తప్పెవరిదన్నది తర్వాత, అదీ తలుపు వేసుకుని మాట్లాడు.

గీర్ట్ హాఫ్‌స్టెడ్ అని ఒక డచ్ పరిశోధకుడు ఐబీఎం ఉద్యోగుల సర్వేలతో మొదలుపెట్టి, పైవాడికీ కిందివాడికీ మధ్య దూరాన్ని ఏ దేశంలో ఎంత సహజంగా ఒప్పుకుంటారో అంకెలు వేశాడు. మనకి 77, జపాన్‌కి 54, నెదర్లాండ్స్‌కి 38. అవి దేశం మొత్తానికి వేసిన సగటు లెక్కలు, నీ ఎదుట కూర్చున్న మనిషి మీద అతికించకు. అయినా ఒక అంచనాకి పనికొస్తాయి. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ కుర్రాడు నిండు మీటింగ్‌లో "మీ ప్లాన్ పనిచెయ్యదు" అని ముఖాన అనేస్తాడు. అది నీకు అవమానం కాదు, పని మాటే. సాయంత్రం మామూలుగానే కాఫీకి పిలుస్తాడు. జపాన్ వాళ్లతో దీనికి పూర్తిగా ఉల్టా. మీటింగ్‌లో కొత్త ప్రతిపాదన పెట్టి వెంటనే ఒప్పుకోమంటే ఎవరూ కాదనరు, పని మాత్రం కదలదు. ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, వాళ్ల అభ్యంతరాలు విని, కాగితం సవరించుకుని వెళ్లు. మీటింగ్ పది నిమిషాల్లో అయిపోతుంది. వాళ్లు మాట్లాడకుండా ఉంటే ఆ ఖాళీని నీ మాటలతో నింపకు. మన తెలుగువాళ్లకి ఇది మహా కష్టం, నాకు తెలుసు.

టైమ్ సంగతి. నువ్వు సింగపూర్‌లో సాయంత్రం నాలుగుకి కాల్ పెడితే జపాన్‌లో అయిదు, నెదర్లాండ్స్‌లో చలికాలం ఉదయం తొమ్మిది. బాగానే కుదిరిందనిపిస్తుంది. వైజాగ్‌లో ఒంటిగంటన్నర. క్యారియర్ విప్పే వేళ. మనవాళ్లు కిక్కురుమనరు, అన్నం మానేసి కూర్చుంటారు. వాళ్లు అడగకముందే గమనించి మార్చు. ఏ టైమ్ పెట్టినా ఎవరో ఒకరికి ఇబ్బందే, ఎప్పుడూ ఒక్కరికే కాకుండా చూడు. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం యూరప్ గడియారాలు మారతాయి, అది కూడా రాసిపెట్టుకో.

చిన్నవి కొన్ని. లక్షలు, కోట్లు అక్కడ నడవవు, పది లక్షలని ఒక మిలియన్ అని రాయి. తేదీలో నెలని అంకెతో వెయ్యకు, 4/5 అంటే ఒకరికి మే, ఇంకొకరికి ఏప్రిల్. కాల్ అయ్యాక ఎవరు, ఏం, ఎప్పటికి అని మూడు ముక్కల్లో మెయిల్ పెట్టు. లాభనష్టాల కాగితం చదవడం నేర్చుకో. ఇంగ్లీషు యాస గురించి టెన్షన్ పడకు, నెమ్మదిగా మాట్లాడితే చాలు.

ఇక అసలు ప్రాక్టీసు. అక్కడ నీతో పనిచేసేవాళ్లలో సగం మందికి జీతం పెంచేది నువ్వు కాదు, వాళ్ల బాస్ వేరే. అలాంటివాళ్లతో పని చేయించడం కోర్సులో రాదు. నీకు ఇంకా రెండు నెలల టైమ్ ఉంది కాబట్టి మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఏదో ఒక పని నెత్తిన వేసుకో. నీళ్ల ట్యాంకర్ల బిల్లు పంచడమైనా సరే. నవ్వకు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక మా ఎంవీపీ కాలనీలో కరెంటు లేదు, కుళాయి లేదు. ట్యాంకర్ రాగానే బిందెలతో తోపులాట. మా పై వాటాలో ఉండే రిటైర్డ్ టీచరమ్మ ఫ్లాట్ నంబర్లు చీటీల మీద రాసి పంచి, ముసలివాళ్ల బిందెలు మోయడానికి ఇద్దరు కాలేజీ కుర్రాళ్లని పెట్టింది. ఆవిడ మాట వినాలని ఎవరికీ రూలు లేదు. తన బిందె ఆఖర్న పెట్టింది కాబట్టి విన్నారు. పెద్ద పెద్ద హోదాల్లో పనిచేసినవాళ్లు కూడా మారుమాట్లాడకుండా చీటీ పట్టుకుని నిలబడ్డారు.

మీ అమ్మ దిగులు గురించి నువ్వేం మాట్లాడకు, నేను చూసుకుంటాను. ఆదివారం భోజనానికి రా, అత్తయ్య పనసపొట్టు కూర చేస్తానంది. వచ్చేటప్పుడు నీ టీమ్‌లో ఎవరు ఎవరికి రిపోర్ట్ చేస్తారో ఆ చార్ట్ ప్రింట్ తీసుకురా. చుక్కల గీతతో నీకు కలిపినవాళ్లు, అంటే బాస్ వేరే అయినా నీతో పనిచేసేవాళ్లు, ఎవరెవరో చూసి, మొదటి వారం ఎవరికి ఫోన్ చెయ్యాలో కూర్చుని రాసుకుందాం.

మామయ్య