బ్యాంకుల ఎఫిషియెన్సీ పెరిగిందా? కౌంటర్ లోపల పనిచేసినవాడిగా నా జవాబు

గత ముప్పై నలభై ఏళ్లలో మన దేశంలో బ్యాంకుల పనితీరు నిజంగా మెరుగైందా, లేక అదంతా రిపోర్టుల్లో అంకెలేనా అని అడిగారు. మెరుగైందండి, చాలా మెరుగైంది. కాకపోతే అందరికీ ఒకేలా కాదు. మా గోదావరి డెల్టాలో సొంత పొలం ఉన్నాయనకి అందినంత కౌలుకి చేసేవాడికి అందలేదు. నేను ఒక గవర్నమెంట్ బ్యాంకులో క్లర్కుగా చేరి, పాలకొల్లు, రాజోలు, అమలాపురం వైపు బ్రాంచీల్లోనే ఎక్కువకాలం చేసి ఆఫీసరుగా రిటైరయ్యాను, అక్కడ చూసిందే చెప్తున్నాను.

1980ల చివర్లో బ్రాంచి అంటే లెడ్జర్లే. విత్‌డ్రాయల్ ఫారం ఇస్తే చేతిలో టోకెన్ పెట్టేవాళ్లం, ఆ ఫారం లెడ్జర్ దగ్గరకెళ్లి పోస్టింగ్ అయ్యి, ఆఫీసరు సంతకం సరిచూసి పాస్ చేసి, క్యాషియర్ దగ్గరకి చేరేదాకా ఊళ్లోంచి వచ్చినాయన బెంచీ మీద కూర్చోవాల్సిందే. నెలాఖరు బ్యాలెన్సింగ్‌లో ఖాతాలన్నీ కూడితే జనరల్ లెడ్జర్‌తో కలవాలి, కొద్దిపాటి తేడా వచ్చినా రాత్రి దాకా వెతుక్కునేవాళ్లం. అంబాజీపేట నుంచి ఉత్తరాదికి కొబ్బరికాయ లోడు పంపిన వ్యాపారికి అక్కడి పార్టీ చెక్కు ఇస్తే అది పోస్టులో కలెక్షన్‌కి వెళ్లి డబ్బు పడేసరికి వారాలు పట్టేది, ఈలోగా ఆయన బయట వడ్డీకి తెచ్చి రైతులకి కట్టేవాడు. ఆ వడ్డీ ఏ బ్యాంకు ఖర్చుల లెక్కలోనూ కనపడదు, కానీ అది బ్యాంకు ఆలస్యానికి జనం కట్టిన డబ్బే కదా.

సేవింగ్స్ వడ్డీ సంగతి చాలామందికి గుర్తుండదు. 2010 ఏప్రిల్ 1కి ముందు, నెలలో 10వ తారీఖు నుంచి ఆఖరి రోజు దాకా ఉన్న బ్యాలెన్సుల్లో ఏది తక్కువైతే దానిమీదే వడ్డీ. దాళ్వా (రబీ) ధాన్యం డబ్బు మే 12న వేసి, సార్వా (ఖరీఫ్) పెట్టుబడికి జూన్ 28న తీసేసుకున్నాడనుకోండి, నెలన్నర మా దగ్గరున్న ఆ డబ్బుకి ఒక్క పైసా వడ్డీ రాదు. చేత్తో రోజువారీ లెక్క కట్టడం అప్పట్లో కుదిరే పని కాదు. కంప్యూటర్లు వచ్చి బ్రాంచీలన్నీ ఒకే నెట్‌వర్క్‌లో కలిశాక ఏ రోజు బ్యాలెన్సుకి ఆ రోజే వడ్డీ కట్టాలని రిజర్వ్ బ్యాంక్ రూల్ తెచ్చింది. నా దృష్టిలో ఎఫిషియెన్సీ పెరగడం అంటే ఇదే, మిగిలింది కస్టమర్ చేతికి చేరింది.

అయితే అంతా కంప్యూటర్ల వల్లే అనుకోకండి. 1991లో ఎస్‌ఎల్‌ఆర్ (డిపాజిట్లలో గవర్నమెంట్ బాండ్లలాంటివాటిలో పెట్టాల్సిన వాటా) 38.5 శాతం, సీఆర్‌ఆర్ (రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంచాల్సిన నగదు వాటా) 15 శాతం, అంటే వంద రూపాయల కొత్త డిపాజిట్ వస్తే సగం పైగా గవర్నమెంట్ బాండ్లకీ రిజర్వ్ బ్యాంకుకీ పోయేది, అప్పు ఇవ్వడానికి మిగిలింది ఏపాటి? బ్యాంకుల సంస్కరణల కోసం గవర్నమెంట్ వేసిన నరసింహం కమిటీ అదే ఏడాది ఈ బరువు తగ్గించమంది, ఇప్పుడు ఎస్‌ఎల్‌ఆర్ 18 శాతం. తర్వాత కొత్త ప్రైవేటు బ్యాంకులొచ్చాయి, 2000-01లో గవర్నమెంట్ బ్యాంకుల నుంచి సుమారు లక్షమంది వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకుని వెళ్లిపోయారు, ఆ పని ఉన్నవాళ్ల మీద పడింది.

గ్రాఫు మాత్రం తిన్నగా పైకి పోలేదు. 2000ల మధ్య నుంచి పెద్ద పెద్ద ప్రాజెక్టులకి చేతికి ఎముక లేకుండా అప్పులిచ్చారు, వాటిని 'బాగానే ఉన్నాయి' అని చూపిస్తూ వచ్చారు, 2015లో రిజర్వ్ బ్యాంక్ అసెట్ క్వాలిటీ రివ్యూ (అప్పుల అసలు స్థితి మీద తనిఖీ) పెట్టేసరికి అసలు సంగతి బయటపడింది. 2018 మార్చికి బ్యాంకుల గ్రాస్ ఎన్‌పీఏ (ఇచ్చిన అప్పుల్లో మొండి బాకీల వాటా) 11 శాతం దాటింది. 2025 మార్చికి 2.3 శాతానికి దిగింది, మంచిదే, కానీ అందులో వసూలైంది ఎంత, రైటాఫ్ చేసింది (లెక్కల పుస్తకాల్లోంచి తీసేసింది) ఎంత అని విడదీసి చూడాలి. పదేళ్లలో 16 లక్షల కోట్ల పైన రైటాఫ్ చేశారని గవర్నమెంటే పార్లమెంటులో చెప్పింది. రైటాఫ్ అంటే మాఫీ కాదు నిజమే, వసూలు ప్రయత్నం నడుస్తుంది, కానీ బ్యాలెన్స్ షీట్ శుభ్రపడటం వేరు, బ్యాంకు బాగా పనిచేయడం వేరు. ఆ రోజుల్లోనే చిన్న చిన్న పంట లోన్ల వసూలుకి మా మీద ఎంత ఒత్తిడి ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక కౌలు రైతు. మా వైపు పొలం దున్నేవాళ్లలో చాలామంది కౌలుదార్లే, ఆసామి (పొలం యజమాని) హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. 1బీ, అడంగల్ అనే భూమి రికార్డులు ఆసామి పేరు మీద ఉంటాయి కాబట్టి పంట రుణం ఆయనే తీసుకుంటాడు, 7 శాతానికి, టైముకి కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. అదే సర్వే నంబరు మీద కౌలుదారు వస్తే రెండో లోన్ ఎలా ఇస్తాం? 2019 చట్టం ప్రకారం సీసీఆర్సీ కార్డు (కౌలుదారుకి ఇచ్చే పంట సాగు హక్కు కార్డు) ఉంది, కానీ దానికి ఆసామి సంతకం కావాలి, పొలం పోతుందేమోనని ఆయన పెట్టడు. చివరికి ఆ కౌలుదారు ఇంట్లో ఆడవాళ్ల బంగారం తెచ్చేవాడు, అప్రైజర్ గీటు పెట్టి చూస్తే కాసేపట్లో గోల్డ్ లోన్ అయిపోయేది. తక్కువ ఖర్చు, మొండి బాకీ భయం లేదు, వ్యవసాయ రుణాల టార్గెట్ కూడా నిండుతుంది. బ్యాంకు వైపు నుంచి చూస్తే ఇంతకంటే చక్కటి లోన్ లేదు. బంగారం కూడా లేనివాడు ఎరువుల కొట్టాయన దగ్గరో కమీషన్ ఏజెంటు దగ్గరో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుని, పంట కూడా ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే ఇవ్వాలి.

అంచేత మీరు ట్రెండ్ చూసేటప్పుడు కాస్ట్ టు ఇన్‌కం (ఆదాయంలో ఖర్చుల వాటా), ఎన్‌పీఏ శాతాల దగ్గరే ఆగిపోకండి. మన రాష్ట్ర ఎస్‌ఎల్‌బీసీ (రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల కమిటీ) మీటింగు అజెండాల్లో కౌలు రైతులకి ఇచ్చిన రుణాల లెక్క విడిగా ఉంటుంది, దాన్ని మొత్తం పంట రుణాల పక్కన పెట్టి ఏడాది ఏడాదికీ పోల్చి చూడండి, అందులో గోల్డ్ లోన్లు ఎన్నో కూడా అడగండి.